అవ్వ, మేనత్త, గోవా

మా చుట్టాల్లో ఎవరింట్లో ఏ దావత్ జరిగినా, భోజనాలయి, షామియానా కింద కుర్చీలు చెల్లాచెదురయి, కడుపు బరువుకు కళ్ళు మూతలుపడే వేళ ఎవరో ఒకరు ఆ మాట అంటారు: "అందరం గలిసి ఎటన్న పోదాం." మిగతావాళ్ళు "పోదాం, పోదాం" అంటారు. తర్వాత చెప్పులు వెతుక్కుని, మిగిలిన కూర డబ్బాల్లో పోయించుకుని ఎవరి ఊరికి వాళ్ళు వెళ్ళిపోతారు. ఇరవై ఏళ్ళుగా ఇదే వరస. ఆ మాట వల్ల ఎన్నడూ ఎవరికీ ఏ ఇబ్బందీ కలగలేదు.

నస్పూర్‌లో మా తమ్ముడి చిన్న కూతురి తొట్టెల వేడుక నాడు మాత్రం నేనొక తొందరపాటు పని చేశాను. ఆ మాట ఎవరన్నారో గుర్తు లేదు. వెంటనే ఫోన్ తీసి, అక్కడున్న వాళ్ళందరి నంబర్లూ కలిపి వాట్సాప్‌లో ఒక గ్రూపు పెట్టింది మాత్రం నేనే. "ఈసారి నిజంగనే పోదాం. ఎటు పోదామో చెప్పుండ్రి" అని రాశాను. పక్కపక్క కుర్చీల్లో కూర్చున్న వాళ్ళ ఫోన్లన్నీ ఒకేసారి టింగుమన్నాయి. తొట్టెలలో పడుకున్న పాప ఉలిక్కిపడి లేచి ఏడుపందుకుంది.

నేను కరీంనగర్‌లో ఒక బడిలో లెక్కలు చెప్తాను. అందుకని "లెక్కల టీచర్ ఉన్నది గదా, అన్ని ఆమెనే చూసుకుంటది" అని అప్పటికప్పుడే తీర్మానమైపోయింది. తీర్మానం చేసినవాళ్ళు మళ్ళీ కళ్ళు మూసుకున్నారు. ఇంటికొచ్చి లెక్కేస్తే పిల్లలతో కలిపి ఇరవై రెండు మంది తేలారు. సిరిసిల్ల నుంచి మా అవ్వ, బాపు, అంటే అమ్మా నాన్నా. మహారాష్ట్ర సరిహద్దున ఉన్న బోథ్ నుంచి మా మేనత్త, ఆమె కుటుంబం. నస్పూర్ నుంచి తమ్ముడు, మరదలు, పిల్లలు, బొగ్గుబాయిలో తమ్ముడితో పాటు పనిచేసే ఇద్దరు దోస్తులు, వాళ్ళ భార్యలు. కరీంనగర్ నుంచి మేం నలుగురం, మా బడిలోనే తెలుగు చెప్పే నా స్నేహితురాలి కుటుంబం.

ఆ పేర్లు వరసగా చదువుతుంటే అప్పుడు తట్టింది. అవ్వనూ మేనత్తనూ ఒకే గ్రూపులో వేశాను. వాళ్ళిద్దరికీ ఆరేళ్ళుగా మాటల్లేవు.

గొడవ తమ్ముడి పెళ్ళిలో మొదలైంది. మేనత్త పనిగట్టుకుని నాందేడు దాకా వెళ్ళి అవ్వకోసం చీర తెచ్చింది. నలుగురు ఆడవాళ్ళు చూస్తుండగా ఒడిలో పెట్టింది. అవ్వ సాంచల ఇంటి మనిషి. మా సిరిసిల్లలో మరమగ్గాన్ని సాంచ అంటారు. బాపు ముప్ఫై ఏళ్ళుగా సాంచలు నడుపుతుంటే అవ్వ ముప్ఫై ఏళ్ళుగా నూలు కండెలు చుడుతోంది. ఆమె ఆ చీర కొంగును రెండు వేళ్ళ మధ్య ఒక్కసారి నలిపి, "పాలిస్టరే" అన్నది. ఆమె లెక్కలో అది వంక పెట్టడం కాదు. డాక్టరు చెయ్యి పట్టుకుని "జ్వరమే" అన్నట్టు, ఉన్న మాట. కానీ విన్నవాళ్ళలో ఒకామె కిసుక్కున నవ్వింది. మేనత్త ముఖం ఎర్రబడింది. అప్పగింతలైనా చూడకుండా బోథ్ బస్సెక్కింది. ఆనాటి నుంచి ఏ శుభకార్యంలోనైనా ఒకరు వంటల దగ్గరుంటే ఇంకొకరు వాకిట్లో ఉంటారు.

మర్నాడు పొద్దున్నే రెండు ఫోన్లు వచ్చాయి. మొదట అవ్వ.

"గామె వస్తె నేను రాను బిడ్డా. ముందే చెప్తున్న."

పది నిమిషాలకు మేనత్త. "వదినె వచ్చేటట్టుంటె నా పేరు తీసెయ్యి కోడలా. ఉత్తగ లొల్లి ఎందుకు."

ఇద్దరికీ నేను ఒకటే జవాబు చెప్పాను: "ఆమె వస్తదో రాదో ఇంకా తెల్వదు." అందులో అబద్ధమేమీ లేదు. ఇద్దరూ రామనే అంటున్నారు కదా.

తర్వాత నెలా రెండు నెలలు గ్రూపు సంతలా సాగింది. బాపు కాశీ అన్నాడు. నా స్నేహితురాలి భర్త ఊటీ అన్నాడు. పిల్లలకు ఊరితో పని లేదు, విమానం ఎక్కితే చాలు, అది ఎక్కడ దిగినా సరే. తమ్ముడు ఒకరోజు "గోవా" అని రాసి పక్కన నవ్వే బొమ్మలు ఆరేడు పెట్టాడు. వాడి దోస్తులిద్దరూ వెంటనే బొటనవేళ్ళు పైకెత్తారు. వాళ్ళ భార్యలు ఏమీ రాయలేదు. కాసేపటికి తమ్ముడు ఆ మెసేజ్ తీసేశాడు.

మేనత్త రాయదు. మాట్లాడి పంపుతుంది. ఒక్కో మెసేజ్ మూడు నిమిషాలు. వెనక కోళ్ళు, మేకలు, మధ్యలో మనవడిని అదిలించడాలు. ఒకనాడు మధ్యాహ్నం బడిలో విరామంలో ఆమె గొంతు విన్నాను.

"అందరు దేవుని కాడికి పోదాం, దేవుని కాడికి పోదాం అంటరేందే? దేవుడు యాడికి పోతడు, ఆడ్నే ఉంటడు. నా కాళ్ళు మంచిగున్నప్పుడే సమిందర్ చూపియ్యుండ్రి. మా దిక్కు నీళ్ళంటె ఏమున్నయి? వానకాలం వాగు, ఎండకాలం ఇసుక. ఎండిపోని నీళ్ళు ఒక్కపారన్న చూడాలె నేను. అరేయ్, గా కోడిని ఇడువురా!"

ఆ సాయంత్రమే అవ్వ ఫోన్ చేసింది. ఆమె మేనత్త మెసేజ్‌లు వినదు. కనీసం విననని చెప్తుంది.

"బిడ్డా, నాకు సముద్రం చూడాలని ఉన్నదే. టీవీల చూస్తె గింతంత డబ్బల పట్టినట్టు కనవడ్తది. నిజంగ ఎంతుంటదో."

నాకు సంతోషం పట్టలేక నోరు జారింది. "అయ్యో అవ్వా, అత్త గూడ గదే అన్నది!"

"అన్నదా? అయితె నాకద్దు. నాకు కొండలు చూపియ్యి."

ఆ కొండల మాట మరదలి ద్వారా బోథ్ చేరింది. మేనత్త మనసూ మారింది. "సమిందర్ వదినె గూడ అన్నదట, నాకద్దు. వదినె కొండలకు పోతె నేను గూడ కొండలకే పోవాల్నా? నాకేం తక్కువ, నేను కాశీకి పోత" అన్నది. కాశీ అన్న బాపు చాలా సంబరపడ్డాడు. ఆయన చెల్లెలు ఆయన మాటకు విలువిచ్చిందనుకున్నాడు. నేను మా ఆయన ముందు కాగితం పరిచి, ఎవరు ఎటు వస్తే ఎవరు ఎటు రారో గీతలు గీసి చూపిస్తే, ఆయన చాలాసేపు తల అటూ ఇటూ తిప్పి చూసి, "నువ్వొక్కదానివే పోయిరా, అందరు సంతోషంగుంటరు" అన్నాడు.

ఒక్క తేదీల దగ్గర మాత్రం నాకు అదృష్టం కలిసొచ్చింది. మే నెలలో బడికి సెలవులు. చేన్లో పత్తి ఏరుడు ఎప్పుడో అయిపోయి ఉంటుంది, మళ్ళీ మిరుగం కార్తె వచ్చి విత్తనాలు పెట్టేదాకా మేనత్తకు తీరికే. తమ్ముడికీ అప్పుడే సెలవు దొరుకుతుంది. ఎటు పోతామో తెలియదు గానీ ఎప్పుడు పోతామో తెలిసింది. ఆ తేదీలు గ్రూపులో పెట్టగానే, ఊరే తేలకముందు అందరూ తిండి గురించి మాట్లాడటం మొదలుపెట్టారు.

అవ్వ కూడా అప్పటికి మాట్లాడి పంపడం నేర్చుకుంది. "సకినాలు నేను చేస్త. ఇరవై మందికి సరిపోయేటన్ని చేస్త" అని పంపింది.

దానికి మేనత్త నేరుగా జవాబు చెప్పలేదు. గాలితో చెప్పింది. "కోడలా, ఎవలో సకినాలు అంటుండ్రు. గాలి తాకితె అవి మూడొద్దులకు మెత్తవడ్తయి. నేను జొన్న భాకర్లు చేసి తెస్త. పత్లగ రొట్టెలు కొడ్తె వారం ఉంటయి."

అవ్వ కూడా గాలికే జవాబిచ్చింది. "బిడ్డా, డబ్బ మూత గట్టిగ పెట్టుడు ఎరికైనోళ్ళ సకినాలు మెత్తవడయి అని చెప్పు."

నా ఫోన్‌లో ఇలా రోజూ ఒక విడత. మిగతావాళ్ళంతా చెవులు రిక్కించి వినేవాళ్ళు. నా స్నేహితురాలు బడికి రాగానే, "ఈరోజు ఏమైంది? సకినాల మీద తేల్చారా?" అని అడిగేది. మా స్టాఫ్ రూములో సగం మందికి మా ఇంటి సకినాల సంగతి తెలిసిపోయింది.

తర్వాత ఫిబ్రవరిలో ఒక ఆదివారం ఆ సంఘటన జరిగింది. అవ్వ తన సకినాల గురించి ఏదో చెప్పి పంపి, ఫోన్ ఆపి పక్కన పెట్టాననుకుంది. వేలు ఎక్కడ తాకిందో, అది ఇంకా వింటూనే ఉంది. అలా అర నిమిషం మాటలు మొత్తం గ్రూపుకు వెళ్ళిపోయాయి. అందులో అవ్వ బాపుతో అంటోంది:

"ఇంటున్నవా? గా మీ చెల్లె చేతి ఠేచా తిని ఎన్నేండ్లయిందయ్యా. పచ్చిమిరపకాయ ఎల్లిపాయ రోట్లేసి దంచితె, అది తిని ఏడ్చుకుంటనన్న ఇంకింత పెట్టు అనేది నేను. నేను అడిగితె బాగుండది. నువ్వన్న చెప్పరాదు, జర్ర తెమ్మని. పాలిస్టరే అన్న పాపానికి ఠేచా గూడ బందయిపాయె."

ఆ తర్వాత బాపు గట్టిగా, "ఏంది? దంచుడా? ఏం దంచాలె?" అని అడగడం, అంతటితో అయిపోవడం.

నేను విని నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాను. అవ్వ తప్ప గ్రూపులో అందరూ విన్నారు. తమ్ముడు నాకు ఫోన్ చేసి, "అక్కా, అవ్వకు చెప్పాల్నా వద్దా?" అన్నాడు. "నువ్వు ముట్టకు" అన్నాను. అవ్వకు అప్పటికింకా తెలియదు, హాయిగా కండెలు చుట్టుకుంటోంది.

గంట దాటింది. నేను బియ్యం కడుగుతున్నాను. టింగుమంది. మేనత్తే. ఈసారి మూడు నిమిషాలు కాదు, నాలుగు మాటలు. వెనక కోళ్ళు కూడా లేవు. ఏ గదిలోకో వెళ్ళి తలుపేసుకుని మాట్లాడినట్టుంది.

"రెండు డబ్బలు తెస్త వదినె."

నేను తడి చేతుల్తోనే దాన్ని ఐదారుసార్లు విన్నాను. తర్వాత మరదలు అవ్వకు ఫోన్ చేసి సంగతంతా చెప్పింది. అవ్వ ముందు ఫోన్‌ను తిట్టింది, తర్వాత కొనిచ్చిన నన్ను తిట్టింది, తర్వాత ఫోన్ పెట్టేసి నేరుగా మేనత్తకు చేసింది. వాళ్ళిద్దరూ ఏం మాట్లాడుకున్నారో ఇప్పటికీ నాకు తెలియదు. రెండు గంటలపాటు ఎవరు చేసినా ఇద్దరి ఫోన్లూ ఎంగేజ్‌లోనే ఉన్నాయి.

పీడ విరగడైందని నేను సంబరపడ్డాను. అప్పటిదాకా నాకు ఇద్దరు శత్రువులతో పని. ఆ రోజు నుంచి ఒక కూటమితో పని. పొద్దున ఎనిమిదింటికల్లా ఇద్దరూ కలిసి ఫోన్ చేసేవాళ్ళు. తమ్ముడు నేర్పించాడట, ముగ్గురం ఒకే కాల్‌లో మాట్లాడుకోవచ్చని.

"మేమిద్దరం ఒకటనుకున్నం" అన్నది అవ్వ.

"ఏమనుకున్నరు?"

"గోవాకే పోదాం" అన్నది మేనత్త. "సమిందర్ ఉంటదట గదా ఆడ."

నేను నవ్వాపుకున్నాను. "గోవా సంగతి మీకెవలు చెప్పిన్రు?"

"నీ తమ్ముడే రాసిండు గదా. రాసి మళ్ళ తీసేసిండు. మంచిది కాకుంటె ఎందుకు రాస్తడు? మనకు చెప్పొద్దని ఎందుకు తీసేస్తడు?" అవ్వ తర్కానికి లెక్కల టీచర్ని నేను కూడా మార్కులు వేయక తప్పలేదు.

ఆ వార్త విని తమ్ముడు పడ్డ పరేషాన్ ఇంతా అంతా కాదు. గోవా అన్నది వాడు దోస్తులతో వెళ్ళాలని బాయిలో దిగినప్పుడల్లా చెప్పుకునే మాటట. ఇప్పుడు అదే గోవాకు అవ్వ, మేనత్త, భార్య, ఎనిమిది నెలల పాపతో బయల్దేరాలి. ఆ సాయంత్రం అవ్వకు ఫోన్ చేసి ఎంత బతిమాలాడో.

"అవ్వా, గోవా మంచిగుండది. మస్తు ఉక్క. అక్కడోళ్ళు తెలుగు మాట్లాడరు."

"మీ అత్త మరాఠి మాట్లాడ్తది. అది సాలదా?"

"అక్కడ అన్ని చేపలే తింటరు అవ్వా."

"చేపలంటె నాకు పానం గదరా."

"అక్కడ... అక్కడ జనాలు తాగుతరు."

"మన వాడకట్ల తాగరా?" అన్నది అవ్వ.

వాడు ఓడిపోయాడు. అవ్వ మర్నాటి నుంచి కూరగాయలామెకు, పాలాయనకు, గుడి దగ్గర కొబ్బరికాయలు అమ్మే ముసలాయనకు అందరికీ చెప్పింది, "మే నెలల గోవా పోతున్నం" అని. విన్నవాళ్ళలో కుర్రవాళ్ళు ముసిముసిగా నవ్వితే, వాళ్ళకు కుళ్ళనుకుంది.

రైలు టికెట్లు ఇరవై మందికి ఒకేచోట దొరకలేదు. బస్సు మాట్లాడాం. నస్పూర్లో మొదలై, కరీంనగర్లో మమ్మల్ని ఎక్కించుకుని, సిరిసిల్లకు రావాలి. బోథ్ వాళ్ళు ఒకరోజు ముందే సిరిసిల్ల చేరాలి. మధ్యలో సోలాపూర్‌లో ఆగి, మర్నాడు గోవా. తమ్ముడి దోస్తుల్లో ఒక జంటకు సెలవు దొరక్క ఆగిపోయారు. ఇరవై మందిమి మిగిలాం. సీట్ల పట్టిక నేను ఐదుసార్లు రాశాను. ఐదుసార్లూ కూటమి కొట్టేసింది. అవ్వకు కిటికీ కావాలి, మేనత్తకూ కిటికీ కావాలి, కానీ ఇద్దరూ పక్కపక్కనే కూర్చోవాలి. ఏ గణితంలోనూ అది కుదరదని చెప్పాను. "నువ్వు సదివింది ఏం సదువే" అన్నారు ఇద్దరూ ఒకేసారి.

ఇంకా వారం ఉందనగా బాపు రానన్నాడు.

గట్టిగా కాదు. అన్నం తింటూ మామూలుగా, "మీరు పోయి రాండ్రి, నాకు పనున్నది" అన్నాడట. అవ్వ చెప్పి చూసింది. మేనత్త ఫోన్లో ఏడ్చి చూసింది. వినలేదు. ఆదివారం నేనే సిరిసిల్ల బస్సెక్కి, తిన్నగా ఆయన పనిచేసే సాంచల షెడ్డుకు వెళ్ళాను.

లోపల నలభై సాంచలు. ఆ చప్పుడులో మనిషి గొంతుకు విలువ లేదు. అక్కడ పనిచేసేవాళ్ళు పెదవులు చూసి, చేతులు చూసి మాట్లాడుకుంటారు. ఏళ్ళ తరబడి ఆ చప్పుడులో ఉండి బాపుకు చెవులు మందగించాయి. ఇంట్లో మాట్లాడినా అరిచినట్టే ఉంటుంది. తెగిన పోగు ముడేస్తూ నన్ను చూసి కళ్ళెగరేశాడు. నేను ఆయన చెవి దగ్గరికి వంగి అరిచాను.

"బాపు! నువ్వెందుకు గోవాకు వస్తలేవు?"

"గోదామా? తాళంచెవి ఆసామి కాడున్నది!"

"గోదాం కాదు! గోవా!"

"ఎవలు పోయిన్రు?"

నేను గుండెనిండా గాలి పీల్చుకుని, నా శక్తంతా పెట్టి "గోవాఆఆ!" అని అరిచాను. సరిగ్గా ఆ క్షణంలోనే కరెంటు పోయింది. నలభై సాంచలూ ఒకేసారి ఆగిపోయాయి. నిశ్శబ్దంలో నా గోవా ఒక్కటే రేకుల కప్పు కింద గింగిరాలు తిరిగింది. అవతల గోడ దగ్గర చాయ్ తాగుతున్న వాళ్ళు గ్లాసులు పట్టుకుని నావైపు తిరిగారు. ఒకాయనకు చాయ్ ముక్కులోకి పోయింది. తర్వాత షెడ్డంతా ఒకటే నవ్వు. నేనూ సిగ్గుతో నవ్వుతూ అక్కడే కండెల గంప పక్కన కూలబడ్డాను. బాపు కూడా నవ్వాడు. ఆయన అలా పళ్ళన్నీ కనబడేలా నవ్వడం నేను చూసి చాలా రోజులైంది.

నవ్వు తగ్గాక పక్కన కూర్చున్నాడు. ఆ నిశ్శబ్దంలో కూడా గట్టిగానే చెప్పాడు, అందరికీ వినిపించేలా.

"నాకు కూసునుడు రాదు బిడ్డా. ఆరొద్దులు చేతులు కట్టుకోని ఏం జెయ్యాలె నేను? పండుగ నాడు గూడ మధ్యాహ్నం దాటితె కాళ్ళు షెడ్డు దిక్కే గుంజుతయి. ఆడ మీరందరు ఆడుకుంటుంటె నేనొక్కణ్ణి గోడకు చేర్లవడి కూసుంట. మీకు మనసున పట్టది."

ఆయన పని పోతుందని భయపడుతున్నాడనో, దూరాభారం అనుకుంటున్నాడనో అనుకుని వచ్చాను. దానికి జవాబులు తయారు చేసుకుని వచ్చాను. అవేవీ దీనికి పనికిరావు.

చాయ్ ముక్కులోకి పోయిన ఆయనే లేచి వచ్చాడు. బాపు కంటే చిన్నవాడు. "అన్నా, నీ ఎనిమిది సాంచలు మేం నలుగురం తలా రెండు చూస్తం. ఫికర్ చెయ్యకు. ఆసామికి గూడ మేమే చెప్తం. కూసునుడు రాకుంటె నిలవడు. సముద్రం కాడ ఎవలన్న కూసునే ఉండాలన్నరా?"

ఇంకొకాయన అన్నాడు: "తొవ్వల సోలాపూర్ వస్తదన్నా. ఆడ చద్దర్లు నేసే సాంచలుంటయి. మన తెలుగోళ్ళే మస్తుమంది ఉన్నరు."

బాపు కళ్ళు మెరిశాయి. "సోలాపూర్ల ఎంతసేపు ఆగుతది బస్సు?"

"నువ్వు ఆపుమన్నంతసేపు" అన్నాను.

కరెంటొచ్చింది. సాంచలు ఒక్కొక్కటే అందుకున్నాయి. బాపు లేచి వెళ్తూ వేళ్ళతో సైగ చేశాడు: రెండు గంటలు. నేను సరేనని తలూపాను.

బయల్దేరే ముందు రోజు బోథ్ వాళ్ళు సిరిసిల్ల వచ్చారు. అవ్వకు సామాన్లు సర్దిపెట్టడానికి నేనూ ముందే వచ్చి ఉన్నాను. ఆరేళ్ళ తర్వాత మేనత్త మా అవ్వ ఇంటి గడప తొక్కింది. ఒక చేతిలో ఠేచా డబ్బాలు, ఇంకో చేతిలో భాకర్ల మూట. ఇద్దరూ గడపకు అటూ ఇటూ నిలబడి, ఎలా మొదలుపెట్టాలో తెలియక, డబ్బాలు నేను పట్టుకుంటానంటే నేనని గుంజుకుంటూ కాసేపు పెనుగులాడారు. తర్వాత అవ్వ పెట్టె తెరిచి, అడుగు నుంచి ఒక చీర తీసింది. నాందేడు చీర. మడత కూడా విప్పలేదు.

"సముద్రంల మునగాలంటె కాటన్ పనికిరాదు" అన్నది అవ్వ చాలా గంభీరంగా. "తడిస్తె బరువైతది. గిదైతె జల్ది ఆరుతది."

మేనత్త చీరనూ అవ్వనూ మార్చి మార్చి చూసింది. ఆమె కొంగును రెండు వేళ్ళ మధ్య నలిపి, "అవు వదినె, పాలిస్టరే" అన్నది. ఇద్దరూ మంచం మీద పడి పొర్లి పొర్లి నవ్వారు. మేనత్త భర్త, మా మామ, వాకిట్లోంచి తొంగి చూసి, ఏమైందని అడిగి, జవాబు రాక మళ్ళీ వెళ్ళిపోయాడు.

ప్రయాణం గురించి ఎక్కువ చెప్పను. బస్సులో అవ్వా మేనత్తా కిటికీ దగ్గర గంటకొకసారి మారారు, తమ్ముడు టైం చూసి ఈల వేశాడు. సోలాపూర్‌లో బాపు రెండు గంటలన్నాడు, నాలుగు గంటలకు గానీ రాలేదు. వచ్చేటప్పుడు చంకలో ఒక చద్దరు, ముఖంలో పెళ్ళికి పోయొచ్చినంత కళ. సకినాలు మొదటి రోజే అయిపోయాయి కాబట్టి మెత్తబడతాయో లేదో తేలనే లేదు.

గోవాలో మేం దిగిన చోటు నుంచి సముద్రం వినబడుతోంది గానీ కనబడటం లేదు. మధ్యాహ్నం మూడయింది. సామాన్లు దించుతుంటే తమ్ముడు ముందే ఉరికాడు, అవ్వకు చూపించదగ్గట్టు ఉందో లేదో చూసి రావడానికి. వాడు తిరిగొచ్చే లోపలే ఇద్దరాడవాళ్ళూ వాడికి ఎదురు నడిచారు. తీరంలో కురచ బట్టలేసుకున్న అమ్మాయిల గుంపు ఒకటి బంతాట ఆడుతోంది. తమ్ముడు చేతులు అడ్డం పెట్టి, "అవ్వా, గిటు పోదాం, గిటు" అంటూ ఇంకో వైపు చూపించాడు. అవ్వ వాడిని పక్కకు జరిపి, ఆ అమ్మాయిలను కాసేపు చూసి, చెమట తుడుచుకుని, "గీ ఎండకు వాళ్ళే నయం" అని ముందుకు నడిచింది.

తర్వాత సముద్రం కనబడింది. ఇద్దరూ ఆగిపోయారు. మేనత్త అవ్వ చెయ్యి పట్టుకుంది. అలా పట్టుకునే, చెప్పులతోనే నీళ్ళలోకి నడిచారు. మొదటి అల మోకాళ్ళ దాకా వచ్చింది. రెండోది ఇద్దరినీ కలిపి పడేసింది. లేచేసరికి జుట్టు విప్పుకుపోయి, నోట్లో ఉప్పు నీళ్ళు, మేనత్త చెప్పు ఒకటి గల్లంతు. "ఉప్పగున్నదే వదినె! నిజంగనే ఉప్పగున్నదే!" అని ఆమె అరుపు. పిల్లలు కేకలేస్తూ వాళ్ళ మీదికే ఉరికారు. బాపు కూర్చోలేదు. ప్యాంటు పైకి మడిచి, అల వచ్చినప్పుడల్లా వెనక్కీ పోయినప్పుడల్లా ముందుకూ నడుస్తూ, పొద్దుగూకే దాకా అదే పనిగా తిరిగాడు. తమ్ముడు పాపను భుజాన వేసుకుని, ఈ గుంపులో ఎవరూ మునగకుండా లెక్కపెట్టుకుంటూ నిలబడ్డాడు. వాడి దోస్తు పక్కన నిలబడి, "గోవా అంటె గిట్లుంటదనుకోలే" అన్నాడు. తమ్ముడు నవ్వాడు.

మర్నాడు పొద్దున అవ్వ నాందేడు చీరలో తడిసి ఒడ్డుకొచ్చి, సిరిసిల్లలో మా పక్కింటామెకు సముద్రం చూపించాలి, వీడియో కాల్ కలపమన్నది. ఆమె బీడీలు చేస్తుంది, ఆ పని వదిలి ఎక్కడికీ కదిలే మనిషి కాదు. నేను కాల్ కలిపి ఫోన్ అవ్వకిచ్చి, ఇసుకలో చేపలు ఆరబెట్టే చోటు చూడటానికి వెళ్ళాను. తిరిగొచ్చేసరికి పావుగంటయినా అయింది. అవ్వ ఫోన్‌ను ముఖానికి ఎదురుగా పట్టుకుని, సముద్రం వైపు చెయ్యి చాపి, "గదో, గది పెద్దది, వస్తున్నది చూడు, వస్తున్నది" అని అరుస్తోంది. వెనక నుంచి వెళ్ళి చూశాను. కెమెరా తిప్పలేదు. తెర నిండా అవ్వ ముఖమే. తడి జుట్టు, బుగ్గ మీద ఇసుక, పైన ఇంత ఆకాశం.

"అక్కా," అన్నాను పక్కింటామెతో, "సముద్రం కనవడ్తలేదా? ఆగు, తిప్పుత."

ఆమె బీడీ ఆకు కత్తిరిస్తూనే తలెత్తింది. "తిప్పకు బిడ్డా. గిట్లనే ఉండనియ్యి. మీ అవ్వ గిట్ల నవ్వంగ నేనెప్పుడు చూడలే."

"ఏమంటున్నదే?" అన్నది అవ్వ, అల చప్పుడులో వినబడక.

"మస్తుగున్నదట అవ్వా" అన్నాను.

"మరి ఊరికెనా!" అని, ఇంకో అల వస్తే దాన్ని కూడా చూపించడానికి ఫోన్ పైకెత్తింది.